ఆరు కొమ్ముల రౌటర్

నెల్లూరు ట్రంకు రోడ్డులో రౌటర్ కొనడానికి పోయిన మనిషి మామూలుగా రెండు ప్రశ్నలు అడుగుతాడు. ధరెంత? కొమ్ములెన్ని? మా పెదనాన్న రెండోది మాత్రమే అడిగాడు. సంక్రాంతికి బెంగళూరు నుంచి అల్లుడు వస్తున్నాడు, ఇంట్లోంచే పని చేసుకుంటానన్నాడు, పైగా ఆ అల్లుడిది లాప్‌టాపులకు వైఫై చిప్పులు చేసే కంపెనీలో ఉద్యోగం. అలాంటి మనిషి ముందు పాత రెండు కొమ్ముల డబ్బా పెడితే పరువేం కావాలి? అందుకని ఆరు కొమ్ములది తెచ్చాడు. అట్టపెట్టె మీద 1200 అని కొట్టొచ్చినట్టు అంకె. ఆ 1200 ఏమిటని షాపులో అడగలేదు. అడిగితే తెలియదనుకుంటారు కదా.

మూలాపేటలో వాళ్లది తాతల నాటి ఇల్లు, మూరెడు మందం గోడలు. రౌటర్‌కు హాల్లో షోకేసులో చోటిచ్చారు. వెనక నిలువుటద్దం, ఇటు ఇత్తడి కుంది, అటు పెదనాన్న బ్యాంకులో రిటైరైనప్పుడు ఇచ్చిన షీల్డు. కనుమ రోజు పశువుల కొమ్ములకు రంగులేస్తారు. ఇంట్లో పశువుల్లేవు కాబట్టి పెద్దమ్మ ఆ ఆరు యాంటెనాలకే పసుపు రాసి బొట్లు పెట్టింది. బొట్టు వల్ల సిగ్నల్‌కు వచ్చిన నష్టమేమీ లేదు. అద్దం, ఇత్తడి సంగతే వేరు.

ముక్కనుమ నాడు పదకొండు గంటలకు బావ మీటింగు. పైన ఇస్త్రీ చొక్కా, కింద లుంగీ. విషయం, రెండు యాంటెనాలతో పనిచేసే వాళ్ల కొత్త చిప్పు. ‘ఇంట్లో ఏ మూలనున్నా మాట తెగదు’ అనే స్లయిడు దగ్గరికి వచ్చేసరికి బొమ్మ ఆగిపోయింది. నోరు సగం తెరిచి, ఒక కన్ను మూసుకుని, తుమ్ముకు ముందు క్షణంలో ఉన్నట్టు మా బావ అవతల అందరి తెరల మీదా నిలబడిపోయాడు.

పెదనాన్న ఊరుకుంటాడా? హాల్లోకి పరిగెత్తి ఆరు కొమ్ముల మొనలూ అల్లుడి గది వైపే వంచాడు. కర్ర యాంటెనా నుంచి సిగ్నల్ పక్కలకు పరుచుకుంటుంది. మొన ఎటు చూపిస్తే అటే తక్కువ. ఆ సంగతి తెలియక ఉన్న కాస్తనూ ఆయనే తెంపేశాడు. బావ లాప్‌టాప్ ఎత్తి పట్టుకుని, లుంగీ ఒక చేత్తో బిగించుకుంటూ హాలు దాటి వంటింటి గుమ్మం దగ్గరికి చేరాడు. అక్కడ సిగ్నల్ పూర్తిగా అందింది. సరిగ్గా అప్పుడే పెద్దమ్మ గరిటె పట్టుకుని, “బాబూ, మీకు తలకాయ వెయ్యనా, నడిమి ముక్క వెయ్యనా?” అంది.

ఆ మీటింగు మొత్తంలో ఎక్కడా తెగకుండా పోయిన వాక్యం అదొక్కటే. అవతలి నుంచి ఎవరో అచ్చ తెలుగులో, “నడిమి ముక్కే చెప్పండి సార్” అన్నారు.

అన్నాల దగ్గర విచారణ మొదలైంది.

“ఆరు కొమ్ములుండాయి కదా బాబూ, ఎట్టా తెగిపోయింది?”

“రౌటర్‌కు ఆరున్నా నా లాప్‌టాప్‌కు రెండే మావయ్యా. రెండు వైపులా ఏది తక్కువైతే అదే లెక్క.”

“యాడుండాయి ఆ రెండు?” అంటూ పెదనాన్న లాప్‌టాప్‌ను తిరగేసి చూశాడు. తెర అంచులో లోపలుంటాయని, మడత కీలు గుండా రెండు సన్నటి వైర్లు పైకి పోతాయని బావ చూపించాడు. “అత్తయ్య, మీ అమ్మాయి చెరో పక్క నుంచి ఒకేసారి మాట్లాడుతున్నారనుకోండి. రెండు చెవులుంటే ఎవరి మాట ఏదో విడదీయొచ్చు. ఒకటే ఉంటే వంతులవారీగా వినాలి.”

వంతులే నయమని పెదనాన్న అభిప్రాయం. పెద్దమ్మ వైపు చూసి పైకి అనలేదు.

ఈ కిటుకు మీద ఆరోగ్యస్వామి పాల్‌రాజ్ అనే ఆయన, థామస్ కైలత్‌తో కలిసి 1992లో పేటెంటుకు దరఖాస్తు పెట్టాడని, 1994లో వచ్చిందని బావ చెప్పాడు. పాల్‌రాజ్ పుట్టింది పొల్లాచ్చిలో, మన నేవీలో సోనార్లు, అంటే నీటి కింద శబ్దంతో జాడ పట్టే యంత్రాలు, చేసి ఆ తర్వాత స్టాన్‌ఫర్డ్ చేరాడు. “పొల్లాచ్చా? మన పక్కనే!” అని పెదనాన్న ఇంకో ముద్ద ఎక్కువ తిన్నాడు.

“మరి మీరు రెంటితోనే ఎందుకు ఆపినారు?”

ఇక్కడ బావ గొంతు కాస్త తగ్గింది. 2009 నాటి వైఫై ప్రమాణంలోనే నాలుగు స్ట్రీముల దాకా, అంటే ఒకేసారి నాలుగు వేర్వేరు మాటలు పంపేదాకా, వీలుంది. కానీ లాప్‌టాప్‌లో ప్రతి యాంటెనాకూ వెనక ఒక రేడియో కావాలి, అది బ్యాటరీ తాగుతుంది, వేడెక్కుతుంది. వైఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్ అల పొడవు 12.5 సెంటీమీటర్లు. అందులో సగమన్నా ఎడం లేకపోతే రెండు యాంటెనాలూ ఒకే మాట వింటాయి. తెర అంచులేమో ఏటేటా సన్నబడుతున్నాయి. మూత లోహంతో చేస్తే సిగ్నల్ పోవడానికి ఎక్కడో ప్లాస్టిక్ పట్టీ వదలాలి, అందం పోయిందంటారు. మూడు యాంటెనాల లాప్‌టాపులూ వచ్చాయి, కానీ ఎక్కువమంది రెంటి దగ్గరే ఆగారు. చవక వాటిలో ఒకటే.

“ఒకటా! అట్టాంటిది ఎవురు కొంటారు?”

అక్క నోట్లో ముద్ద మింగి, “పెళ్లికి మీరు కొనిచ్చింది అదే నాన్నా” అంది.

షాపులో ర్యామ్ ఎంత, తెర ఎంత అని అడుగుతారే గాని యాంటెనాలెన్ని అని అడిగినవాణ్ని నేనింతవరకూ చూడలేదు. కనపడదు కదా. కనపడని చోట ఒకటి కోసి, కనపడే చోట ఆరు నిలబెట్టడం వ్యాపారం. దాన్ని తప్పుపట్టే ఓపిక నాకు లేదు గాని, అట్టపెట్టె మీది కూడిక మాత్రం మరీ దారుణం. ఆ రౌటర్‌కు ఎన్ని కొమ్ములున్నా ఒక్కో బ్యాండులో, అంటే ఒక్కో రేడియో దారిలో, రెండు స్ట్రీములే. 5 గిగాహెర్ట్జ్‌లో వేగం సెకనుకు 867 మెగాబిట్లు, 2.4లో 300. లాప్‌టాప్ ఒకసారి ఒక బ్యాండునే పట్టుకుంటుంది. అయినా రెండూ కూడేశారు. 1167 వస్తే 1200 అని అచ్చేశారు. ఇంతా చేసి ఆ ఇంటికి వస్తున్న కనెక్షన్ వంద.

వంద అన్నది పెదనాన్నకు వినపడలేదు. జీవితమంతా లెడ్జర్లు సరిచూసిన మనిషి. ముందరి లెక్క దగ్గరే ఆగిపోయాడు.

“ఆ ముప్పై మూడు యాడికి పోయినాయి?”

మర్నాడు పొద్దున్నే అట్టపెట్టె చంకన పెట్టుకుని, నన్ను వెంటేసుకుని షాపుకు బయల్దేరాడు. కొమ్ముల గురించి ఒక్క మాట లేదు. కాగితం మీద కూడిక వేసి కౌంటరు మీద పెట్టాడు. షాపతను ఆ కాగితాన్ని చూశాడు, పెదనాన్నను చూశాడు, వెనక నిలబడ్డ బేరాన్ని చూశాడు. చివరికి గల్లా పెట్టె తీసి 33 రూపాయలు చేతిలో పెట్టాడు.

పెదనాన్న రసీదు అడిగాడు.