షుగర్ ఉన్నవాళ్ల రెప్పలను ఎవరు చూస్తున్నారు?

మా అమ్మకు షుగర్ వచ్చి పద్నాలుగేళ్లయింది. ఏటా కంటి పరీక్ష తప్పలేదు. ప్రతిసారీ చుక్కలు వేసి, కంటిపాప పెద్దదయ్యాక రెటీనా చూసి, ‘లోపల బాగుంది, భయం లేదు’ అని పంపించేవారు. ఆ మాట నిజమే. కానీ పొద్దున లేచేసరికి అమ్మ రెప్పలు అతుక్కుపోయి ఉండేవి. కళ్లలో ఇసుక పోసినట్టుందనేది. బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే చాలు, ధారగా నీళ్లు కారేవి. ఒకరు వయసన్నారు, ఒకరు ఎలర్జీ అన్నారు. మూడేళ్ల తర్వాత ఒక డాక్టరమ్మ కింది రెప్ప అంచును వేలితో మెల్లగా నొక్కి చూశారు. పక్కన స్క్రీన్ మీద నాకూ కనిపించింది. పల్చటి నూనెలా రావాల్సింది టూత్‌పేస్టులా తెల్లగా, చిక్కగా, దారంలా బయటికొచ్చింది.

వెంట్రుకల వెనకే, రెప్ప అంచున సూదిమొన అంత రంధ్రాలు వరసగా ఉంటాయి. అవి మైబోమియన్ గ్రంథుల నోళ్లు. పై రెప్పలో పాతిక నుంచి నలభై వరకు, కింది రెప్పలో ఇరవై నుంచి ముప్పై వరకు ఉంటాయి. 1666లో వాటిని వివరంగా రాసిన జర్మన్ వైద్యుడు హైన్రిష్ మైబోమ్ పేరే వాటికి నిలిచింది. మనం రెప్ప వేసినప్పుడల్లా అవి కాస్త నూనె వదులుతాయి. కన్నీటి పొర మీద ఆ నూనె పలచగా పరుచుకుంటేనే తడి ఆరిపోకుండా ఆగుతుంది. నూనె చిక్కబడితే చలికాలంలో కొబ్బరినూనె సీసాలో ఏం జరుగుతుందో ఇక్కడా అదే జరుగుతుంది. గడ్డకట్టి మూతి మూసుకుపోతుంది. తడి ఆరిపోయి కన్ను మండుతుంది, ఆ మంటకు బొటబొటా నీళ్లు కారుతాయి. నీళ్లు కారే కంటిని పట్టుకుని పొడికన్ను అంటే అమ్మ చాలాకాలం నమ్మలేదు.

దీనికీ షుగర్‌కూ ఏం సంబంధం? ఆ గ్రంథుల కణాలు పెరగడానికి ఇన్సులిన్ తోడ్పడుతుందని, గ్లూకోజ్ ఎక్కువైతే అవి దెబ్బతింటాయని ల్యాబ్ ప్రయోగాల్లో తేలింది. షుగర్, కొలెస్ట్రాల్ తేడాలు ఉన్నవాళ్లలో రెప్ప గ్రంథుల ఇబ్బంది ఎక్కువగా కనిపిస్తోందని చాలా అధ్యయనాలు చెబుతున్నాయి. అయితే వాటిలో ఎక్కువ భాగం ఒక్కసారి చూసి లెక్కగట్టినవే. ఏది కారణం, ఏది ఫలితం అన్నది అవి తేల్చలేవు. కొలెస్ట్రాల్ మాత్ర వేసుకుంటే రెప్పలు బాగవుతాయని ఎవరైనా చెబితే నేను నమ్మను. కానీ రెప్పను నొక్కి చూడటానికి అంత రుజువు అక్కర్లేదు కదా.

నన్ను ఎక్కువ టెన్షన్ పెట్టేది ఇంకొకటి. షుగర్ అరికాళ్ల నరాలను మొద్దుబార్చినట్టే కంటి నల్లగుడ్డు మీది నరాలనూ మొద్దుబారుస్తుంది. కన్ను ఎండిపోతున్నా మంట తెలియదు. పైపొర గీసుకుపోయినా తెలియదు, ఆ గాయం మానడమూ ఆలస్యమే. అంటే ‘మంటగా ఉందా?’ అని అడిగి వదిలేస్తే సరిపోదు, చూడాల్సిందే. శుక్లాల ఆపరేషన్‌కు ముందయితే ఇది మరీ ముఖ్యం. కంటి ఉపరితలం ఎండి ఎగుడుదిగుడుగా ఉంటే లోపల పెట్టే లెన్సు కొలతే తప్పొచ్చు.

2023లో వచ్చిన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) అధ్యయనం మన దేశంలో 10.1 కోట్ల మందికి షుగర్ ఉందని, పెద్దవాళ్లలో 81 శాతం మందికి రక్తంలో కొవ్వుల తేడా ఏదో ఒకటి ఉందని లెక్కగట్టింది. తెలంగాణలో 2018లో మొదలైన కంటి వెలుగు కోటిమందికి పైగా కళ్లు చూసింది. ఊళ్లోనే కళ్లద్దాలు ఇచ్చిన ఆ కార్యక్రమం మీద నాకు గౌరవం ఉంది. అంతమందిని కూర్చోబెట్టగలిగిన వ్యవస్థకు రెప్ప అంచు చూడటం భారం కాదు. షుగర్ రోగి కంటి పరీక్ష కాగితంలో రెటీనా పక్కన రెప్పకూ ఒక గడి ఉండాలి. దానికి పట్టేది నిమిషం. ఖరీదైన యంత్రం లేకపోయినా కంటి డాక్టర్లు కన్ను పెద్దదిగా చూసేందుకు వాడే మామూలు స్లిట్ ల్యాంప్, ఒక వేలు చాలు.

ఇప్పుడు జరుగుతున్నది వేరు. మెడికల్ షాపుకెళ్లి ‘కళ్లు ఎర్రబడ్డాయి, చుక్కలివ్వండి’ అంటాం. ఆ సీసాలో స్టెరాయిడ్ ఉంటే రెండు రోజుల్లో ఎరుపు పోతుంది. నెలల తరబడి వాడితే కంటి ప్రెజర్ పెరుగుతుంది, శుక్లం తొందరగా వస్తుంది. పొడికన్ను తగ్గుతుందని చేపనూనె గుళికల మీద కూడా జనం బాగా ఖర్చుపెడుతున్నారు. 2018లో అమెరికాలో 535 మందితో చేసిన పెద్ద పరీక్షలో పన్నెండు నెలలు ఒమేగా-3 (చేపనూనెలో ఉండే కొవ్వు) వాడినవాళ్లకు, ఆలివ్ నూనె గుళికలు వాడినవాళ్లకు చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

అమ్మకు పనిచేసింది వేడి కాపడం. రోజుకు రెండు పూటలు, ఎనిమిది పది నిమిషాలు. ఆ తర్వాత రెప్పను వెంట్రుకల వైపుగా మెల్లగా వత్తడం, అంచులు శుభ్రం చేయడం. కొన్నాళ్లు డాక్టరమ్మ రాసిన మందు కూడా వాడింది. కాటుక రెప్ప లోపలి అంచున పెట్టడం మానేసింది, అది ఆ రంధ్రాల మీదే పడుతుంది కాబట్టి. తడిగుడ్డ రెండు నిమిషాలకే చల్లారిపోతుంది, అందుకే పక్కన వేడినీళ్ల గిన్నె పెట్టుకుని మళ్లీ మళ్లీ ముంచాలి. అమ్మ వేళ్లకు తిమ్మిరి, వేడి సరిగా తెలియదు. అందుకే గుడ్డ పిండాక ముందు నా మణికట్టు మీద ఆనించి చూసుకుని, ఆ తర్వాతే ఆమె చేతికిస్తాను.