మూసేసిన ఫైర్‌ప్లేస్, ‘ఒక్క శనివారం పని’

ఇంగ్లండ్‌లో చలి మొదలవగానే మన తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతుంది. "పాత ఇల్లు కొన్నారా? హాల్లో మూసేసిన ఫైర్‌ప్లేస్ బోర్డు పీకేయండి, ఒక్క శనివారం పని. చిమ్నీ ఎలాగూ ఉంది. గ్యాస్ బిల్లు సగమవుతుంది. పర్మిషన్లు అక్కర్లేదు. గోడల చెమ్మా పోతుంది. మన ఊళ్లో కట్టెల పొయ్యి ఎరగమా?" విక్టోరియా కాలం నాటి టెరస్ ఇల్లు (పక్కిళ్లతో గోడలు కలిసి వరసగా ఉండే ఇల్లు) కొనుక్కుని, ఇది నమ్మి సుత్తి పట్టినవాళ్లలో నేనూ ఉన్నాను.

ముందు ఆ బోర్డు సంగతి. అప్పట్లో వీటిని మూయడానికి ఆస్‌బెస్టాస్ బోర్డులు కూడా వాడారు. బ్రిటన్‌లో ఆస్‌బెస్టాస్‌ను పూర్తిగా నిషేధించింది 1999లోనే. దాని పొడి ఊపిరితిత్తులకు ప్రమాదం, అందుకే అదేం బోర్డో తేల్చుకోకుండా రంపం పెట్టకూడదు. అదృష్టం, మాది మామూలు ప్లాస్టర్‌బోర్డు. అరచేయంత కోశానో లేదో, ఎండు పుల్లలు జలజలా రాలాయి. జాక్‌డా అని చిన్నరకం కాకి ఒకటి చిమ్నీల్లో పుల్లలు పేర్చి గూడు కడుతుంది. పుల్లలూ మసీ కలిసి మూడు చెత్త సంచులు! అది వదిలేసిన గూడు కాబట్టి సరిపోయింది. పక్షులున్న గూడు కదిపితే ఇక్కడ నేరం.

"చిమ్నీ ఎలాగూ ఉంది." అసలు తిరకాసంతా ఇక్కడే. 1965కు ముందు కట్టిన ఇళ్లలో సాధారణంగా చిమ్నీ లోపల గొట్టమేమీ ఉండదు. ఇటుకల మధ్య వదిలిన సందు, దానికి సున్నం పూత, అంతే. ఏళ్ల తరబడి బొగ్గు పొగ తగిలి ఆ పూత రాలిపోతుంది. చిమ్నీ శుభ్రం చేసే ఆయన వచ్చి, బ్రష్షులు తోసి, కింద పొగబిళ్ల వెలిగించాడు. పొగ పైకి వస్తోందో లేదో చూద్దామని నేను పెరట్లోకి పరిగెత్తాను. సన్నగా వస్తోంది. ఇంతలో మేడ మీంచి మా ఆవిడ కేక. పిల్లల గదిలో బట్టల అల్మరా వెనక నుంచి పొగ! ఆ రోజు వచ్చింది పరీక్ష పొగ. నిజంగా మంట వేసుంటే కార్బన్ మోనాక్సైడ్ వచ్చేది. దానికి రంగుండదు, వాసనుండదు. టెరస్ ఇళ్లలో అది పక్కింటి పడగ్గదిలోకీ పోవచ్చు. పై నుంచి కింది దాకా స్టీలు లైనర్, అంటే లోపలి గొట్టం, దింపాలన్నాడాయన. బోర్డు పీకడం ఫ్రీయే, డబ్బంతా అక్కడ పోతుంది.

బిల్లు సగమవడం ఉత్తమాట. తలుపున్న ఇనప స్టవ్ లేకుండా ఉత్త మంట వేస్తే దాదాపు ముప్పావు వంతు వేడి చిమ్నీలోంచే పోతుంది. పోతూపోతూ గదిలో వెచ్చటి గాలినీ లాక్కుపోతుంది. తలుపు సందుల్లోంచి చల్లగాలి దూరుతుంది. ముఖం కాలుతుంటుంది, వీపు వణుకుతుంటుంది.

పర్మిషన్ల మాటకొస్తే, 1952 డిసెంబరులో లండన్‌ను విషపు పొగమంచు కమ్మేశాక 1956లో క్లీన్ ఎయిర్ చట్టం తెచ్చారు. ఇప్పుడు ఊళ్లలో చాలా భాగం స్మోక్ కంట్రోల్ ఏరియానే. అక్కడ చిమ్నీలోంచి పొగ వస్తే 300 పౌండ్ల దాకా జరిమానా పడొచ్చు. పొగ తక్కువని ప్రభుత్వం మినహాయింపు ఇచ్చిన స్టవ్‌లోనే కట్టెలు కాల్చాలి. దాన్ని బిగించడానికి బిల్డింగ్ రెగ్యులేషన్స్ (కట్టడాల నిబంధనలు) వేరే.

చెమ్మ మాట మాత్రం సగం నిజం. గాలి జాలీ పెట్టకుండా మూసేస్తే లోపల చెమ్మ పేరుకుని గోడ మీద గోధుమరంగు మరకలు తేలతాయి. దానికి కింద ఒక జాలీ, చిమ్నీ పైన వాన పడకుండా ఒక టోపీ పెడితే చాలావరకు సరిపోతుంది. మంటతో పనిలేదు.

ఇక మన ఊరి పొయ్యి. పెంకుటింట్లో పొగ పెంకుల సందుల్లోంచి పోయేది, అయినా అమ్మమ్మ కళ్లు ఎప్పుడూ ఎర్రగానే ఉండేవి. డబుల్ గ్లేజింగ్ (గాలి దూరని రెండు పొరల అద్దాల కిటికీలు) బిగించిన హాల్లో ఆ సందులేవి?

మాది తెరిచే ఉంచాం, మంట లేకుండా. మొన్న సంక్రాంతికి మా ఆవిడ అందులోనే బొమ్మల కొలువు పెట్టింది. గాలి వీచినప్పుడల్లా కాస్త మసి రాలి రాజారాణి బొమ్మల నెత్తిన పడుతోంది.