మహారాజశ్రీ అల్ట్రామెరైన్ నీలం ట్యూబు గారికి

ఆర్యా,

విశాఖపట్నం, లాసన్స్ బే కాలనీ నుంచి మిమ్మల్ని అడుగంటా నొక్కేసిన ఒక బొమ్మలాయన నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

మా ఊళ్లో ఎవరు కుంచె పట్టినా ముందు సముద్రమే వేస్తారు. వేసేవాళ్లెవరూ సముద్రం వైపు చూడరు, నేరుగా మీ మూత తిప్పుతారు. కింద నీలం, పైన తెలుపు కలిపిన నీలం, మధ్యలో డాల్ఫిన్స్ నోస్ కొండ. ఇక ఫ్రేమ్ కట్టించడమే తరువాయి. మీ పక్కనుండే నారింజ ట్యూబుదీ ఇదే దబాయింపు. మన బీచ్‌లో సూర్యుడు నీళ్లలోంచి లేస్తాడే గానీ నీళ్లలోకి దిగడు. సాయంత్రం ఆయన పోయేది సింహాచలం కొండల వైపు. అయినా ఏ ఎగ్జిబిషన్‌కి వెళ్లినా ఆర్కే బీచ్ సూర్యాస్తమయం ఒకటి గోడకి వేలాడుతూనే ఉంటుంది, అరేబియా సముద్రాన్ని అద్దెకు తెచ్చినట్టు.

ఒక్క పొద్దుట నాతో రండి. వానలు పడ్డాక ఒడ్డు దగ్గర నీళ్లు మట్టిరంగు, కాస్త అవతల బూడిద, ఇంకా లోపలికి పోతే ఆకుపచ్చ. ఎండ ఎదురుగా వస్తుంది కాబట్టి అల విరగబోయే ముందు, పలచబడిన చోట వెలుగు ఇవతలికి దూరి, లేత పచ్చ ఒకటి ఇలా కనబడి అలా పోతుంది. నీళ్లు వెనక్కి తగ్గాక కింద కూర్చుని చూడండి. ఇసుక మీద నల్లటి చార, దాన్ని ఆనుకుని గులాబీ చార. నల్లది ఇల్మనైట్, గులాబీది గార్నెట్, రెండూ ఖనిజాలే. బరువైన రేణువులు కదా, తేలిక ఇసుకను నీరు లాక్కుపోతే ఇవి అక్కడే ఆగిపోతాయి. ఆ చారల మీదే పీతలు కన్నాలు తవ్వి పోసిన ఇసుక ఉండలు. ఇంత జరుగుతుంటే తమరు ఎక్కడున్నారండీ?

ఐడియాలు రావట్లేదని టెన్షన్ పడి, ఇన్‌స్పిరేషన్ కోసం అరకు బయల్దేరే మిత్రులున్నారు నాకు. వెళ్లనివ్వండి, అక్కడ కాఫీ బావుంటుంది. మీరు మాత్రం వాళ్ల సంచీలో దూరకండి.

ఇక అసలు సంగతి. మీకు ఉద్వాసన చెప్పట్లేదు, హోదా తగ్గిస్తున్నానంతే. ఇకమీదట మీరు ఎర్రగోధుమ రంగు ట్యూబు బర్న్ట్ సియెన్నా గారి కింద పనిచేయాలి. ఆవిడ ఎరుపంతా ఐరన్ ఆక్సైడ్‌ది, భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బల ఎరుపూ దానిదే. మీరిద్దరూ కలిస్తే ఒక బూడిద రంగు పుడుతుంది. మబ్బు పట్టిన రోజు మన సముద్రం చాలావరకు అదే. ఒంటరిగా పాలెట్ ఎక్కాలంటే ముందుగా నా అనుమతి తీసుకోవాలి.

షరతులు నచ్చకపోతే మొహమాటం వద్దు. 1820ల్లో ఫ్రాన్సులో మిమ్మల్ని కృత్రిమంగా చేయడం నేర్చాక, మీ వాళ్లు తెల్లచొక్కాలకు పెట్టే నీలిమందులోనూ ఉద్యోగాలు చేశారు. మా వీధి చివర లాండ్రీలో అడిగి చూస్తాను.

ఇట్లు,
మీ వల్ల చొక్కాలు పాడుచేసుకున్నవాడు