రెండో గొట్టంలో నీళ్లెప్పుడు?

గుంటూరు నుంచి అమరావతి వెళ్లే రోడ్డులో, గోరంట్ల దాటాక వచ్చే ఒక గేటెడ్ వెంచర్‌లో మా చిన్నాన్న కూతురు మూడేళ్లుగా కాపురం ఉంటోంది. వాళ్లింట్లో ఫ్లష్ ట్యాంకు వెనక రెండు గొట్టాలు కనిపిస్తాయి. ఒకటి బోరు నీళ్లది, రెండోది శుద్ధిచేసిన మురుగునీటిది. ఆ రెండోదాని మూతికి ప్లాస్టిక్ డమ్మీ బిగించి ఉంది. అది ఊడకుండా ప్లంబరు చుట్టిన తెల్లటి టేపు ఇప్పటికే పసుపురంగుకు తిరిగింది. మొన్న ఏప్రిల్‌లో నేను వెళ్లిన రోజున వీధిలో నీళ్ల ట్యాంకరు ఆగి ఉంది, ఎవరి డ్రమ్ము ముందు నింపాలన్న దాని మీద చిన్న మాటల గొడవ కూడా జరుగుతోంది. నీటిని రెండుసార్లు వాడుకునే కాలనీ అని చెప్పి అమ్మిన చోట ఒక్కసారి వాడుకోవడానికే ట్యాంకరు రావాల్సి వస్తోంది.

ఆ వెంచర్ బ్రోచర్ మా చెల్లెలు ఇంకా దాచుకుంది. మధ్యలో వాననీటి చెరువు, ఇళ్ల మధ్య కార్లు తిరగని నడక వీధులు, గేటు పక్కనే అందరి కార్లకూ ఒకే పార్కింగ్, మురుగునీటిని శుద్ధిచేసి తోటలకూ ఫ్లష్‌లకూ మళ్లించే ఏర్పాటు అందులో ఉన్నాయి. మొదటి విడత ఇళ్లు పూర్తయి జనం చేరారు. చెరువు ఉండాల్సిన చోట తుమ్మ మొక్కలు మొలిచిన గుంత ఉంది, పార్కింగ్ స్థలంలో కంకర గుట్టలున్నాయి. నివాసులు కలిసి బిల్డరుకు ఉత్తరం రాస్తే, చెరువు స్థలంలో మరికొన్ని విల్లాలు వేసి, శుద్ధి కేంద్రానికి బదులు సెప్టిక్ ట్యాంకులు కట్టిస్తానని జవాబు వచ్చింది. ఆ కాలనీలో ఉండే ఒక రిటైర్డ్ మాస్టారు నాతో అన్న మాట ఇది: “మేం కొత్తగా ఏమీ అడగట్లేదండీ. ఆయన గీయించిన బొమ్మే అడుగుతున్నాం.”

ఈ కోరికను బయటివాళ్లు చాలామంది సౌకర్యాల కోసం పేచీగా చూస్తున్నారు. ఇల్లు చేతికి వచ్చింది, రిజిస్ట్రేషన్ అయింది, ఇక చెరువు కోసం పట్టుదల ఎందుకన్నది వాళ్ల వాదన. మామూలు అపార్ట్‌మెంట్‌లో క్లబ్‌హౌస్ ఆలస్యమైతే ఆ వాదనలో కొంత అర్థం ఉంటుంది. క్లబ్‌హౌస్ లేకపోయినా వంటగదిలో పొయ్యి వెలుగుతుంది. కొత్త పద్ధతిలో రూపొందించిన కాలనీ సంగతి వేరు. అక్కడ ఇంటికీ ఇంటికీ మధ్య ఉన్న ఏర్పాటే అసలు సరుకు, దానిమీద ఆధారపడే ఇళ్లను గీశారు. ఆ ఏర్పాటు ఆగిపోతే కట్టిన ఇల్లు కూడా సరిగా పనిచేయదు.

లెక్క వేసి చూస్తే ఇది ఇంకా స్పష్టమవుతుంది. పట్టణాల్లో మనిషికి రోజుకు 135 లీటర్ల నీళ్లు కావాలని ప్రమాణంగా పెట్టుకుంటారు. అందులో సుమారు 80 శాతం మురుగుగా తిరిగొస్తుందని ఇంజినీర్లు లెక్కగడతారు. ఇంటికి నలుగురు చొప్పున వంద ఇళ్లుంటే రోజుకు 54,000 లీటర్లు కావాలి, 43,200 లీటర్లు మురుగుగా బయటికి పోతాయి. ఒక్క ఫ్లష్‌లకే మనిషికి 45 లీటర్ల చొప్పున 18,000 లీటర్లు ఖర్చవుతాయి. అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు మూడున్నరకు పైగా. శుద్ధి కేంద్రం ఉంటే ఆ ట్యాంకర్ల అవసరం తీరిపోయి, తోటకు కూడా నీళ్లు మిగులుతాయి. అది లేదు కాబట్టి, రెండో గొట్టం వస్తుందన్న నమ్మకంతో తక్కువగా వేసిన బోర్ల మీదే భారమంతా పడుతోంది.

చెరువు సంగతీ అంతే. ఎకరం నేల మీద 50 మిల్లీమీటర్ల వాన కురిస్తే దాదాపు రెండు లక్షల లీటర్ల నీళ్లు చేరతాయి. గుంటూరు చుట్టుపక్కల నల్లరేగడి నేల ఒకసారి తడిసి ఉబ్బిందంటే నీటిని త్వరగా ఇంకించుకోదు. అందుకే ప్లానులో వీధులన్నిటి వాలూ చెరువు వైపు పెట్టారు. ఇప్పుడు చెరువు లేదు, వాలు మాత్రం ఉంది. జూలైలో రెండు గంటలు వాన పడితే చివరి వరుస ఇళ్ల గుమ్మాల ముందు మోకాలి లోతు నీళ్లు నిలుస్తాయి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ రోజుల తరబడి మునిగి ఉండడం కళ్లారా చూసిన ఈ ప్రాంతంలో, నీరు నిలవాల్సిన చోట ఇల్లు కడతానని ఎవరైనా ధైర్యంగా ఉత్తరం రాయగలగడమే నాకు వింతగా అనిపించింది.

బిల్డరు వైపు మాట కూడా వినాలి, అందులో నిజం లేకపోలేదు. మురుగును శుద్ధిచేసేది సూక్ష్మజీవులు. వాటికి రోజూ తగినంత మేత అందాలి. మొత్తం కాలనీకి సరిపడేలా గీసిన కేంద్రాన్ని సగంకన్నా తక్కువ ఇళ్లు నిండినప్పుడే నడిపితే అవి బతకవు, కరెంటు బిల్లు మాత్రం పూర్తిగా వస్తుంది. పైగా 2019 చివర్లో మూడు రాజధానుల ప్రతిపాదన రాగానే ఈ చుట్టుపక్కల కొనుగోళ్లు ఒక్కసారిగా మందగించాయి. ప్రభుత్వ ప్రాజెక్టులే తప్పించుకోలేకపోయాయి: అమరావతి నేలపాడులో రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ (సీఆర్‌డీఏ) 2018లో ఆన్‌లైన్‌లో బుకింగులు తీసుకున్న 1,200 ఫ్లాట్ల హ్యాపీనెస్ట్ కూడా 2019 తరువాత ఆగిపోయి, 2024లో ప్రభుత్వం మారాకే మళ్లీ కదిలింది. ఆలస్యానికి ఇవన్నీ నిజమైన కారణాలే.

ఆలస్యం వేరు, మార్పు వేరు. నా పరిశీలనలో ఈ ప్రాంతపు వెంచర్లు గిరాకీ పడిపోయినప్పుడు ఆగాయి, గిరాకీ లేచినప్పుడు దారి తప్పాయి. మార్కెట్ చచ్చి ఉన్న రోజుల్లో చెరువు స్థలాన్ని ఎవరూ పట్టించుకోలేదు. రాజధాని పనులు మళ్లీ మొదలై గజం ధర పెరిగాకే ఆ గుంత ఖరీదైన స్థలంగా కనబడింది. కష్టకాలం వల్ల పని ఆగిందని చెప్పిన నోటితోనే, మంచికాలం వచ్చింది కాబట్టి ప్లాను మారుస్తానంటే నివాసులు ఒప్పుకోవాల్సిన పనేమిటి?

చట్టం కూడా ఒప్పుకోమనడం లేదు. 2016లో వచ్చి 2017 మే 1 నుంచి పూర్తిగా అమల్లో ఉన్న స్థిరాస్తి నియంత్రణ చట్టం, అందరూ రెరా అనే చట్టం, ఈ విషయంలో మెతకగా లేదు. మంజూరైన ప్లానునూ, లేఅవుట్‌నూ, ఉమ్మడి స్థలాలనూ మార్చాలంటే బిల్డరు కాకుండా మిగిలిన కొనుగోలుదారుల్లో కనీసం మూడింట రెండు వంతుల మంది ముందుగా రాతపూర్వకంగా ఒప్పుకోవాలని 14వ సెక్షన్ చెబుతోంది. ఒక మనిషి తన పేరునో కుటుంబం పేరునో ఎన్ని ఇళ్లు బుక్ చేసుకున్నా ఒక్కరిగానే లెక్కిస్తారు. బంధువుల పేర్ల మీద ఇళ్లు పెట్టి ఓట్లు కూడగట్టుకునే దారి అలా మూసుకుపోయింది. ప్రకటనలోనో బ్రోచర్‌లోనో తప్పుడు మాట నమ్మి డబ్బు కట్టినవాళ్లకు నష్టపరిహారం ఇవ్వాలని 12వ సెక్షన్ అంటోంది. కొనుగోలుదారులు కట్టిన సొమ్ములో 70 శాతాన్ని వేరే ఖాతాలో ఉంచి, పని ఎంత జరిగిందో ఇంజినీరు, ఆర్కిటెక్ట్, చార్టర్డ్ అకౌంటెంట్ ధ్రువీకరించాకే తీయాలన్న నిబంధన కూడా ఉంది. సొమ్ము ఏమైందని అడిగే హక్కు నివాసులకు అక్కడి నుంచే వస్తుంది.

నోయిడా జంట టవర్ల సంగతి చాలామందికి బాంబులు పెట్టి కూల్చిన వీడియోగానే గుర్తుంది. అసలు తగాదా మాత్రం మన మాస్టారి తగాదాకు చాలా దగ్గరిది. కొనుగోలుదారులకు చూపిన ప్లానులో తోటగా ఉన్న చోట ఆ టవర్లు లేచాయి, నివాసుల సంఘం 2012లో అలహాబాద్ హైకోర్టుకు వెళ్లింది, 2014లో కూల్చమని హైకోర్టు చెప్పింది, 2021 ఆగస్టు 31న సుప్రీంకోర్టు దాన్నే ఖాయం చేసింది, 2022 ఆగస్టు 28న టవర్లు నేలమట్టమయ్యాయి. నివాసుల అంగీకారం లేకుండా ప్లాను మార్చడం ఆ తీర్పులో ముఖ్యమైన అంశం. తోట కోసం అడిగినవాళ్లకు పదేళ్లు పట్టిందన్నది కూడా మర్చిపోకూడదు. అంతకాలం ఓపిక పట్టగల కాలనీలు మన దగ్గర ఎన్ని?

అయితే చట్టంలో ఒక పెద్ద కంత ఉంది, మన వెంచర్లు దాన్ని బాగా వాడుకుంటున్నాయి. విడతలుగా కట్టే ప్రాజెక్టులో ప్రతి విడతనూ విడి ప్రాజెక్టుగా రిజిస్టర్ చేయించాలని చట్టం చెబుతుంది. మొదటి విడత కొన్నవాళ్ల డబ్బు రెండో విడతకు మళ్లకుండా ఇది కాపాడుతుంది. కానీ చెరువునూ, శుద్ధి కేంద్రాన్నీ, పార్కింగునూ రెండో విడతలో చూపిస్తే ఏమవుతుంది? మొదటి విడత కాగితం మీద పూర్తయిపోతుంది. ఆ ఇళ్ల గొట్టాలు, వాలు, నడక వీధులు మాత్రం ఇంకా మొదలుకాని మరో ప్రాజెక్టు మీద ఆధారపడి ఉంటాయి. గోరంట్ల వెంచర్‌లో జరిగింది ఇదే. మొదటి విడతవాళ్లకు చెరువు తమ ప్రాజెక్టులోని ఉమ్మడి స్థలమా కాదా అన్న ప్రశ్న దగ్గరే వాదన చిక్కుకుపోయింది. ఏ విడత ఇళ్లు ఏ ఏర్పాటు మీద నడుస్తాయో ఆ ఏర్పాటు ఆ విడత రిజిస్ట్రేషన్‌లోనే ఉండాలనీ, లేకపోతే అనుమతి ఇవ్వకూడదనీ రెరా అధికారులు పట్టుబడితే ఈ చిక్కు చాలావరకు విడిపోతుంది. దీనికి కొత్త చట్టం అక్కర్లేదని నా అభిప్రాయం. దరఖాస్తు పరిశీలించే బల్ల దగ్గర, చెరువు ఏ విడతలో ఉందని అడిగితే చాలు.

“గీసింది గీసినట్టు” అన్న పట్టుదలకు ఒక హద్దు ఉందని కూడా చెప్పాలి. కొత్త ప్రయోగాలన్నీ ఫలించవు. లండన్ దక్షిణాన 2002లో పూర్తయిన బెడ్‌జెడ్ అనే సుమారు వంద ఇళ్ల పర్యావరణ కాలనీ ప్రపంచమంతా పేరు తెచ్చుకుంది. అక్కడ చెక్కపొట్టుతో వేడినీ కరెంటునూ ఇవ్వాల్సిన యంత్రం సరిగా నడవక గ్యాస్ బాయిలర్ల వైపు వెళ్లాల్సి వచ్చింది, మొక్కలతో మురుగును శుద్ధిచేసే ఏర్పాటు ఖర్చు భరించలేక మూతపడింది. అయినా ఆ కాలనీ ఇప్పటికీ ఇష్టంగా నివసించే చోటుగానే ఉంది. వాళ్లు పెట్టి, నడిపి, లోపం చూశాకే మార్చారు. ఇక్కడ పెట్టకుండానే పనికిరాదంటున్నారు. గోరంట్ల బిల్డరు పెద్ద కేంద్రానికి బదులు విడతలవారీగా పెంచుకోగల చిన్న కేంద్రాలు పెడతానని అంచనాలతో ముందుకొస్తే, నివాసులు కూర్చుని మాట్లాడటం న్యాయం. నీటిని తిరిగి వాడుకునే లక్ష్యం అందులో నిలుస్తుంది. సెప్టిక్ ట్యాంకుతో ఆ లక్ష్యమే పోతుంది, బోర్ల పక్కన అన్ని ట్యాంకులంటే మురుగు ఊరి బోరు నీళ్లలో కలుస్తుందేమోనన్న భయం కూడా నాకుంది.

నివాసుల ఇల్లు కూడా అంత చక్కగా లేదు. సంఘం ఇంకా రిజిస్టర్ కాలేదు. ఇళ్లు కొన్నవాళ్లలో కొందరు హైదరాబాద్‌లోనూ, మరికొందరు అమెరికాలోనూ ఉన్నారు. వాళ్లకు గజం ధర పెరిగితే చాలు, చెరువు గొడవతో పేరు పాడవుతుందని వాట్సాప్‌లో అడ్డుపడుతున్నారు. నడక వీధిలో కార్లు పెట్టేది నివాసులే. పార్కింగ్ లేదు కాబట్టి పెడుతున్నామన్నది నిజమే గానీ, ఇద్దరు ముగ్గురు ఇంటిముందు పచ్చిక పట్టీని కలుపుకుని షెడ్లు కూడా వేశారు. ప్లాను ప్రకారం నడవమని ఇంకొకరిని అడిగేటప్పుడు ఆ షెడ్ల ఫొటోలే ఎదుటివాడి మొదటి సాక్ష్యాలవుతాయి.

ఇంకో జాగ్రత్త. ఉమ్మడి ఏర్పాట్ల నిర్వహణను సంఘానికి అప్పగిస్తానని బిల్డరు ఇప్పుడు తొందరపెడుతున్నాడు. ఏది పూర్తయిందో, ఏది కాలేదో ఇద్దరూ కలిసి తిరిగి చూసి రాసుకున్న జాబితా లేకుండా ఆ కాగితం మీద సంతకం పెడితే, కాలేదన్న సంగతి నిరూపించే భారం నివాసుల మీద పడుతుంది. ఇల్లు స్వాధీనం చేసుకున్నంత మాత్రాన ఆలస్యానికి పరిహారం అడిగే హక్కు పోదని బెంగళూరు నివాస ప్రాజెక్టు ఒకదాని కేసులో 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పింది. అలాగని తొందరపడి సంతకం చేయాల్సిన అవసరం మాత్రం లేదు.

పోయిన ఆదివారం మాస్టారింటి డాబా మీద పాతికమంది దాకా కూడారు. సంఘం రిజిస్ట్రేషన్ కాగితాల మీద సంతకాలయ్యాయి. షెడ్లు వేసినవాళ్లలో ఒకరు తీసేస్తానని ఒప్పుకున్నారు, ఇంకొకరు మాట్లాడకుండా కిందికి దిగి వెళ్లిపోయారు. బిల్డరుకు పంపే కొత్త ఉత్తరంలో ముందు దేన్ని అడగాలన్న దాని మీద చాలాసేపు వాదన నడిచింది. మా చెల్లెలు రెండో గొట్టం అంది. చివరి వరుస ఇళ్లవాళ్లు ఒప్పుకోలేదు. వానలు రాకముందు కనీసం చెరువు తవ్వి, వాలు చివర తూము అయినా తెరవాలని పట్టుబట్టారు. ఉత్తరంలో మొదటి అంశంగా చెరువే చేరింది.