హైడెల్‌బర్గ్‌లో ఆకులు రాలే కాలం

యూరప్‌లో ఆకులు రాలే కాలం గురించి నేను చదివిన ఒక వ్యాసంలో, అక్కడ చదువుకుంటున్న మన పిల్లలకు అక్టోబరు, నవంబరు దిగులు నెలలని వ్యాసకర్త రాశారు; జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో ఆ నెలలను రెండేళ్ళు గడిపిన విద్యార్థినిగా నేను ఆ మాటతో ఏకీభవించలేకపోతున్నాను. శీతాకాలపు సెమిస్టరు తరగతులు అక్టోబరు మధ్యలో మొదలవుతాయి కాబట్టి కొత్త పుస్తకాలూ, కొత్త స్నేహాలూ, రంగు మారుతున్న చెట్లూ ఒకేసారి ఎదురవుతాయి. నెకర్ నదికి ఉత్తరాన కొండవాలు మీదుగా సాగే ‘తత్త్వవేత్తల బాట’పై సాయంత్రం నడుస్తూ, ఆవలి ఒడ్డున ఎర్ర ఇసుకరాతి కోట వెనుక కొండంతా పసుపు, నారింజ, రాగి రంగుల్లోకి తిరగడం చూసినప్పుడు, పగటి వేళ తగ్గి చలి పెరిగేకొద్దీ పత్రహరితం విచ్ఛిన్నమై ఆకులో అంతవరకూ దాగి ఉన్న పసుపు వర్ణకాలు బయటపడతాయని బడిలో చదివిన పాఠం నాకు కళ్ళకు కట్టింది. అడవిలో రాలిన తీపి చెస్ట్‌నట్లను (గోధుమరంగు పెంకు ఉండే ఒక రకం గింజలను) ఏరుకొచ్చి, పెంకుకు గాటు పెట్టి కాల్చుకుని తిన్నప్పుడు ఊళ్ళో కాల్చిన తేగలు గుర్తొచ్చాయి. పార్కుల్లో రాలే గుర్రపు చెస్ట్‌నట్లు చూడడానికి అలాగే ఉన్నా తినదగినవి కావు. కొత్తవారు జాగ్రత్త పడాలి.

మరొక మాట. ఆ వ్యాసంలో ఈ కాలాన్ని శరదృతువు అన్నారు. నెలల లెక్కన అది సరైనదే గానీ, మనకు శరత్తు అంటే బతుకమ్మ పూలు, పిండారబోసినట్టుండే వెన్నెల. ఆకులు రాలేది శిశిరంలో. అందుకే ‘ఆకురాలు కాలం’ అన్న మాటే నాకు సబబుగా తోస్తుంది.

అక్టోబరు చివరి ఆదివారం గడియారాలు గంట వెనక్కి జరిగాక అయిదింటికే చీకటి పడడం నిజమే. ఆ రోజుల్లో తరగతి ముగియగానే, గ్రంథాలయానికి వెళ్ళే ముందు, నది ఒడ్డున అరగంట ఎండలో కూర్చోవడం నేను అలవాటు చేసుకున్నాను.