దొడ్డికాళ్లకు వారానికో సాచెట్టా? ఆ మెసేజ్‌లో ఏది తప్పు, ఎందుకు తప్పు

"పిల్లలకు దొడ్డికాళ్లు వచ్చాయంటే డి విటమిన్ తక్కువైనట్టే. 60,000 సాచెట్ తెచ్చి వారానికొకటి ఏడాదంతా పాలల్లో కలిపి తాపండి. ఎక్కువైతే మూత్రంలో పోతుంది, పరీక్షలు దండగ. పొద్దున ఆరూ ఏడూ మధ్య ఎండ చూపించండి. రాగిజావ తాగే పిల్లలకు పాలు అక్కర్లేదు. బోరు నీళ్లు కాచి తాపితే ఫ్లోరైడ్ పోతుంది." ఒంగోలు నుంచి ఉదయగిరి దాకా తల్లుల వాట్సాప్ గ్రూపుల్లో చేతులు మారుతున్న మెసేజ్ సారాంశం ఇది. డి విటమిన్ బాగా తగ్గితే పిల్లల ఎముకలు మెత్తబడి కాళ్లు వంగుతాయన్నది నిజం. అది రికెట్స్. ఆ ఒక్క నిజాన్ని పట్టుకుని అల్లిన మిగతా మాటలు పిల్లలకు హాని చేసేవి.

ముందు సాచెట్ సంగతి, ఎందుకంటే ప్రమాదం అక్కడే ఎక్కువ. ఒక సాచెట్ పొడిలో 60,000 యూనిట్ల డి విటమిన్. ఏడుతో భాగిస్తే రోజుకు దాదాపు 8,570. ఏడాది దాటిన ఆరోగ్యమైన బిడ్డకు రోజుకు కావలసింది 600. నాలుగు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలకు డాక్టర్ పర్యవేక్షణ లేకుండా రోజూ దాటకూడని గీత 3,000. ఏడాదిలోపు పసిబిడ్డకైతే అది 1,000 నుంచి 1,500 మాత్రమే. రికెట్స్ ఖాయమైన పిల్లలకు కూడా డాక్టర్లు ఏడాదిలోపైతే రోజుకు 2,000, ఆ పైన పన్నెండేళ్ల దాకా 3,000 నుంచి 6,000, కనీసం 12 వారాలు ఇస్తారు. తోడుగా రోజుకు 500 మిల్లీగ్రాముల కాల్షియం అందేలా చూస్తారు. ఆ చికిత్స మొత్తం ఎంత గట్టిగా లెక్కేసినా ఐదు లక్షల యూనిట్ల దగ్గర ఆగుతుంది. మెసేజ్ చెప్పినట్టు ఏడాదంతా తాపితే 31 లక్షలు దాటుతుంది. వారానికొక సాచెట్ అని డాక్టర్ రాసే సందర్భాలూ ఉన్నాయి, కానీ అది కొన్ని వారాలకే. చీటీ మీద ఎన్ని వారాలని రాశారో ఆ అంకె మందంత ముఖ్యం.

"ఎక్కువైతే పోతుంది" అన్నది బి, సి విటమిన్ల విషయంలో చాలావరకు చెల్లే మాట. డి కొవ్వులో కరిగే విటమిన్, ఒంట్లోనే నిల్వ ఉంటుంది. మితిమీరితే పేగు నుంచి, ఎముక నుంచి కాల్షియాన్ని లాగి రక్తంలో పెంచుతుంది. అప్పుడు బిడ్డ అన్నం వద్దంటుంది, వాంతులు, మలబద్ధకం, తీరని దాహం, మాటిమాటికీ మూత్రం. ఇంకా సాగితే కిడ్నీల్లో కాల్షియం పేరుకుంటుంది. మందు మానిన రోజే ఇది తగ్గదు, నిల్వ కరగడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది.

పసిబిడ్డల చుక్కల మందు దగ్గర జరిగే పొరపాటు కూడా ఇక్కడే చెప్పాలి. తల్లిపాలలో డి చాలా తక్కువ కాబట్టి ఏడాది నిండేదాకా రోజుకు 400 యూనిట్లు ఇవ్వాలి. షాపులో దొరికే సీసాల్లో కొన్నిటిలో 1 మి.లీ.కి 400, కొన్నిటిలో 800 ఉంటాయి. పాత సీసా అయిపోయి వేరే కంపెనీది తెచ్చినప్పుడు అలవాటుగా అదే గీత దాకా పీలిస్తే మోతాదు రెట్టింపవుతుంది. సీసా మీద "1 మి.లీ.కి ఎంత" అన్న వరస చదివాకే డ్రాపర్ ముంచండి. ఒక సీసా డ్రాపర్ ఇంకో సీసాలో పెట్టొద్దు.

"దొడ్డికాళ్లంటే డి లోపమే." కాదు. నడక నేర్చే వయసులో కాళ్లు కాస్త బయటికి వంగి ఉండటం సహజం. రెండేళ్లకు అవి తిన్నగా అవుతాయి. మూడు నాలుగేళ్లప్పుడు మోకాళ్లు లోపలికి తగులుతున్నట్టు కనిపిస్తాయి, ఏడేళ్లకల్లా సర్దుకుంటాయి. రెండేళ్లు దాటినా వంపు పెరుగుతుంటే, ఒక్క కాలే వంగితే, మణికట్టు లావెక్కితే, పళ్లు, నడక బాగా ఆలస్యమైతే చూపించాలి. మణికట్టు లేదా మోకాలి ఎక్స్‌రే, రక్తంలో కాల్షియం, ఫాస్ఫరస్, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, డి, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ చూస్తే విషయం తేలుతుంది. 12 వారాలు సరిగ్గా మందు వాడినా ఎక్స్‌రేలో మార్పు లేదంటే అది మామూలు రికెట్స్ కాకపోవచ్చు. కిడ్నీ లోపం వల్ల మూత్రంలో ఫాస్ఫేట్ పోయే జబ్బులున్నాయి, వాటికి వైద్యమే వేరు. దండగ అన్న పరీక్షలు ఇవే!

ఇక మన మెట్ట ఊళ్లకు ప్రత్యేకమైన సంగతి, నీళ్లు. తాగే నీటిలోని ఫ్లోరైడ్ ఎముకలను పాడుచేస్తుందని మన దేశంలో మొదట వైద్య పత్రికకెక్కింది ఈ నేల గురించే. 1937లో, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా పల్లెల నుంచి. దర్శి, పొదిలి, కనిగిరి ఆనాడు ఆ జిల్లావే, 1970లో ఒంగోలు (తర్వాతి ప్రకాశం) జిల్లా ఏర్పడినప్పుడు విడిపోయాయి. ఇక్కడి పిల్లల కాలు వంగితే ఏ బోరు నీళ్లు తాగుతున్నారని అడగకుండా సాచెట్ ఒకటే చేతిలో పెట్టడం అన్యాయం. డి విటమిన్ ఫ్లోరైడ్‌ను బయటికి పంపదు.

కాచితే పోతుందన్నది ఇంకా తప్పు. కాచితే క్రిములు చస్తాయి, ఫ్లోరైడ్ గిన్నెలోనే ఉంటుంది. లీటరుకు 2 మిల్లీగ్రాములున్న నీళ్లు సగానికి మరిగితే 4 అవుతుంది. లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకపోతే మంచిది, వేరే నీళ్లు లేకపోతే 1.5 దాకా సరే అన్నది మన దేశపు ప్రమాణం. శుభ్రమైన ప్లాస్టిక్ లీటరు బాటిల్‌ను అదే నీటితో రెండుసార్లు కడిగి, బోరు ఐదు నిమిషాలు వదిలాక నింపి, గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబ్‌లో ఇవ్వండి. టీడీఎస్ మీటర్ పెట్టి చూసి "నీళ్లు బాగున్నాయి" అనుకోవద్దు, అది నీటిలో కరిగిన లవణాల మొత్తాన్నే చూపుతుంది, ఫ్లోరైడ్‌ను విడిగా చూపదు. తాగడానికి ఆర్వో క్యాన్ కొని, అన్నం, పప్పు మాత్రం బోరు నీటితో వండే ఇళ్లు చాలా ఉన్నాయి. బియ్యం పీల్చుకున్న నీళ్లూ బిడ్డ కడుపులోకే వెళ్తాయి, వంటకూ క్యాన్ నీళ్లే వాడాలి. పిల్లలకు టీ అలవాటు చేయొద్దు, టీ ఆకులోనే ఫ్లోరైడ్ ఉంటుంది. బడి పిల్లల ముందుపళ్ల మీద సుద్ద పూసినట్టు తెల్లటి అడ్డగీతలు, తోమినా పోని గోధుమరంగు చారలు కనిపిస్తే నీళ్లను అనుమానించండి.

"రాగిజావ ఉంటే పాలు అక్కర్లేదు" అన్నది ఇలాంటి ఊళ్లలోనే ఎక్కువ దెబ్బ తీస్తుంది. భోజనంలోని కాల్షియం పేగులో ఫ్లోరైడ్‌ను పట్టి, ఒంటికి ఎక్కేది తగ్గిస్తుంది. కాల్షియం తక్కువ తినే పిల్లల ఎముకలే ముందు వంగుతాయి. పైగా ఆర్వో నీటిలో కాల్షియం దాదాపు ఉండదు, తిండిలోంచే రావాలి. రాగులు మంచివే, కానీ జావలో కలిపే రెండు పెద్ద చెంచాల పిండి 20 గ్రాములు, అందులో కాల్షియం 70 మిల్లీగ్రాములు. డి విటమిన్ కోసం జావను నమ్ముకోలేం. నాలుగైదేళ్ల బిడ్డకు రోజుకు 550 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. 200 మి.లీ. పాలు 240, కప్పు పెరుగు 120, జావ 70, పొట్టు తీయని నువ్వులు 10 గ్రాములున్న ఉండ 120, లెక్క సరిపోయింది. రాగుల్ని మొలకెత్తించి, ఎండబెట్టి పట్టిస్తే కాల్షియం ఇంకాస్త బాగా ఒంటబడుతుంది. పాలు పడని బిడ్డకు ముళ్లతో నమిలి తినే నెత్తళ్లు ఉండనే ఉన్నాయి.

పొద్దున్నే ఎండ మాట. ఆరూ ఏడూ మధ్య ఎండ హాయిగా ఉంటుంది, కానీ చర్మంలో డి తయారుచేసే కిరణాలు అప్పుడు నేలకు దాదాపు చేరవు. తిరుపతిలో కొలిచి చూస్తే అది ఎక్కువగా తయారయ్యేది 11 నుంచి 2 మధ్య అని తేలింది. గడియారం కంటే నీడ నమ్మకం. బిడ్డ నీడ బిడ్డ కంటే పొట్టిగా ఉన్నప్పుడే ఆ ఎండ పనికొస్తుంది. మేలో తొమ్మిదింటికే నీడ పొట్టిదవుతుంది, డిసెంబరులో పదిన్నర కావాలి. చేతులు, కాళ్లు బయటపెట్టి పదిహేను, ఇరవై నిమిషాలు చాలు. రోహిణి కార్తెలో మధ్యాహ్నం మాత్రం గడప దాటించొద్దు. కిటికీ అద్దంలోంచి పడే ఎండ లెక్కలోకి రాదు.

ఇప్పటికే ఆ మెసేజ్ నమ్మి, డాక్టర్ చెప్పకుండా సాచెట్లు తాపుతుంటే ఇవాళే ఆపండి. కాల్షియం సిరప్ కూడా ఇస్తుంటే డాక్టర్‌ను అడిగేదాకా అదీ ఆపండి. వాంతులు, విపరీతమైన దాహం, మలబద్ధకం ఉంటే నీళ్లు బాగా తాపుతూ అదే రోజు పిల్లల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. ఏ లక్షణమూ లేకపోయినా కొన్ని నెలలుగా తాపి ఉంటే రక్తంలో కాల్షియం, డి, క్రియాటినిన్ చూపించాలి. ఖాళీ సాచెట్ కవర్లు పారేయకుండా వెంట పట్టుకెళ్లి, ఎన్ని వారాలు తాపారో డాక్టర్‌కు దాచకుండా చెప్పండి.