వేగం అంకె చూసి విల్లు కొనమనే సందేశానికి జవాబు

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో కాంపౌండ్ విల్లు (కొసల్లో క్యామ్ అనే చక్రాలుండే విల్లు) నేర్చుకునే పిల్లల తల్లిదండ్రుల ఫోన్లలో ఒక సందేశం తిరుగుతోంది. ఐబీఓ (ఇంటర్నేషనల్ బౌహంటింగ్ ఆర్గనైజేషన్) పద్ధతిలో చెప్పే బాణం వేగం సెకనుకు 340 అడుగులు దాటిన వేట విల్లే మేలైనదనీ, లెట్ ఆఫ్ (నారిని పూర్తిగా లాగాక చేతిపై తగ్గే బరువు) ఎంత ఎక్కువైతే గురి అంతగా నిలుస్తుందనీ, చేతికి ఎలా ఉందన్నది వట్టి అలవాటేననీ దాని సారాంశం. మూడు మాటలూ నిలిచేవి కావు.

ఐబీఓ వేగాన్ని సాధారణంగా 70 పౌండ్ల లాగుడు బరువు, 30 అంగుళాల డ్రా లెంగ్త్ (నారిని లాగే దూరం), 350 గ్రెయిన్ల (సుమారు 23 గ్రాముల) బాణంతో చెబుతారు. బార చాపిన చేతుల పొడవును రెండున్నరతో భాగిస్తే డ్రా లెంగ్త్ సుమారుగా తెలుస్తుంది. ఐదడుగుల ఏడంగుళాల మనిషికి అది 27 అంగుళాల దగ్గర ఉంటుంది. డ్రా లెంగ్త్ తగ్గిన ప్రతి అంగుళానికి వేగం దాదాపు 10 అడుగుల చొప్పున తగ్గుతుంది కనుక 30 అడుగుల వేగం అక్కడే పోయింది. అంతర్జాతీయ పోటీల్లో 60 పౌండ్లు మించకూడదన్న నియమం వల్ల కొంత, 400 గ్రెయిన్ల బాణం వల్ల మరికొంత పోయి, 340 అని అచ్చయిన విల్లు మన పిల్లవాడి చేతిలో 270 దగ్గర తేలుతుంది.

వేగముంటే జింక తప్పించుకోలేదన్నది ఆ సందేశంలోని ఉప వాదం. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది కాబట్టి ఆ మాట మనకు అక్కరలేదు. వేటకు అనుమతి ఉన్న దేశాల్లోనైనా లెక్క కుదరదు. 30 మీటర్ల దూరానికి 280 అడుగుల వేగంతో వెళ్లే బాణానికి 0.35 సెకను, 320 అడుగుల వేగంతో వెళ్లే బాణానికి 0.31 సెకను పడితే, నారి చప్పుడు 0.09 సెకనులోనే చేరిపోతుంది; బాణం ఎంత వేగమైనదైనా జింక ముందు చప్పుడే వింటుంది. బరువైన బాణం నెమ్మదిగా పోయినా విల్లు శక్తిని ఎక్కువగా తీసుకుపోతుంది కనుక చప్పుడూ, అదురూ తగ్గుతాయి.

లెట్ ఆఫ్ సంగతి క్లుప్తంగా: 60 పౌండ్ల విల్లుకు 80 శాతమైతే చేతిలో 12 పౌండ్లు, 90 శాతమైతే 6 పౌండ్లు మిగులుతాయి. మరీ తేలికైతే సూటి ఊగుతుంది, ముఖం నారికి కాస్త ఆనినా బాణం పక్కకు పోతుంది. గురి పోటీల్లో చాలామంది తక్కువ లెట్ ఆఫ్ కోరుకునేది అందుకే.

ఇక చేతికి ఎలా ఉందన్నది అలవాటు కాదు, పరీక్షించదగిన విషయం. విల్లును ఆకాశం వైపు ఎత్తకుండా లాగగలుగుతున్నాడా, చివర బ్యాక్ వాల్ (నారి ఇక సాగకుండా ఆగే చోటు) గట్టిగా తగులుతోందా, మెత్తగా సాగుతోందా, పిసరంత సడలిస్తే క్యామ్ ముందుకు లాక్కుపోతోందా, వదిలాక అదురు మోచేతి దాకా వస్తోందా అని చూడాలి. వేగం కోసం, లాగక ముందు పిడికీ నారికీ మధ్య ఉండే దూరమైన బ్రేస్ హైట్‌ను ఆరంగుళాలకు కుదించిన విల్లు ఈ పరీక్షల్లో తరచుగా తడబడుతుంది. పోల్చే రెండు విల్లులనూ పిల్లవాడి డ్రా లెంగ్త్‌కే సరిచేయించి, ఒకే బరువు బాణాలతో, చేతులు అలిసేదాకా వేయించాలి. దుకాణంలో రెండు మూడు బాణాలకు ఏ విల్లయినా బాగానే అనిపిస్తుంది. బాణం లేకుండా మాత్రం నారి వదలనివ్వకండి, లింబులు (విల్లు వంగే పైకొమ్మ, కింది కొమ్మ) చిట్లుతాయి.